ముసురువేళ తీరయాత్ర

పాఠ్యభాగ ఉద్దేశం

విహారమనగానే వసంతోదయాలు, వెన్నెల రాత్రులు గుర్తుకు రావడం సహజం. అయితే ప్రకృతి తన పూర్తిరూపాన్ని ప్రదర్శించేది వానకాలంలోనే. దిగువ కృష్ణా డెల్టాలోని గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ ప్రాంతాలను ముసురు రోజులలో దర్శించడంలోని ఆనందాన్ని, ఆ తీరాన నడిచేవారికి ఉండవలసిన వాతావరణ పరిజ్ఞానాన్ని, ఉప్పెనలు నేర్పిన పాఠాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

వానకాలపు ప్రయాణం

ప్రాచీన భారతదేశంలో వానకాలం ప్రయాణాలకు విరామకాలం. యతులు చాతుర్మాస్య దీక్ష వహించి ఒకే చోట నిలిచేవారు. బౌద్ధ భిక్షువులు వర్షావాసం పేరిట విహారాలలో గడిపేవారు. రాజులు సైతం శరదృతువు వచ్చి, బాటలు ఆరి, నదులు తేటపడిన తరువాతనే దండయాత్రలకు బయలుదేరేవారని కావ్యాలు వర్ణించాయి. బురద బాటలు, పొంగే వాగులు, మెరుపులు, విషప్రాణులు ఆనాటి బాటసారికి నిజమైన ఆపదలు. కనుక ఆ నియమం వెనుక ధర్మంతోపాటు అనుభవం కూడా ఉన్నది.

నేడు రైళ్లు, రహదారులు, వాతావరణ సూచనలు అందుబాటులోకి వచ్చాయి. వానలో ప్రయాణం అసాధ్యమేమీ కాదు. బ్రిటన్ దీవులలో ఏ నెలలోనైనా వాన కురుస్తుంది. అక్కడివారు ఎండ కోసం ఎదురుచూస్తూ ఇంట కూర్చోరు. వానకోటు తొడుక్కొని, గట్టి బూట్లు వేసుకొని, సముద్రతీరపు కాలిబాటల వెంట మైళ్లకొద్దీ నడుస్తారు. హోరుగాలిలో కెరటాలను చూడటానికే రెండు మూడు రోజుల సెలవు పెట్టుకొని తీరగ్రామాలకు వెళ్లడం అక్కడ ఒక అలవాటు.

తెలుగునాట అటువంటి విహారానికి అనువైన తీరాలలో దిగువ కృష్ణా డెల్టా ఒకటి. ఇక్కడ కొండలు లేవు, జలపాతాలు లేవు. ఉన్నవి పచ్చని చేలు, నిండు కాలువలు, తాటితోపులు, ఉప్పుకయ్యలు, మడ అడవులు, వాటన్నిటికీ ఆవల బంగాళాఖాతం. రెండు రోజుల వ్యవధిలో వీటన్నిటినీ చూడవచ్చును. అయితే బ్రిటన్ తీరానికీ, ఈ తీరానికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ఇక్కడి నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్నది. ఇక్కడి సముద్రంలో పెను తుఫానులు పుడతాయి. ఈ తీరంలో నడిచేవారు ఆకాశాన్నీ, సముద్రాన్నీ చదవడం నేర్చుకొని తీరవలసిందే.

గుడివాడ నుండి బందరుకు

విజయవాడ నుండి తూర్పుగా వచ్చే రైలుమార్గం గుడివాడ జంక్షన్ వద్ద రెండుగా చీలుతుంది. ఒకటి భీమవరం వైపు, మరొకటి మచిలీపట్నం వైపు సాగుతాయి. గుడివాడ ప్రాచీనమైన ఊరు. బౌద్ధస్తూప శిథిలాలను దాచుకొన్న మట్టిదిబ్బ ఇక్కడ ఉన్నది. ఒకనాడు వర్షావాసపు భిక్షువులు ఈ ముసురునే చూస్తూ కూర్చొని ఉంటారని ఊహించడం కష్టం కాదు. పట్టణానికి ఉత్తరాన కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు పరచుకొని ఉన్నది. బుడమేరు వంటి ఏరులు తెచ్చిన నీటిని అది నింపుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపుతుంది.

గుడివాడ దాటిన తరువాత రైలు కిటికీ నుండి కనిపించే దృశ్యం డెల్టా స్వరూపాన్ని పాఠంలా విప్పి చెబుతుంది. చేను ఎక్కడ ముగిసిందో, చెరువు ఎక్కడ మొదలైందో తెలియదు. సాగునీటి కాలువలు గట్ల నడుమ ఎత్తులో పారుతుంటాయి. మురుగు కాలువలు పల్లంలో పారుతుంటాయి. 1850లలో విజయవాడ వద్ద కృష్ణకు అడ్డంగా ఆనకట్ట నిర్మించిన నాటి నుండి ఈ కాలువలే డెల్టాకు జీవనాడులు. ఆ ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజి 1957లో వచ్చింది.

వానకాలంలో ఇక్కడ నీరు ఎందుకు నిలుస్తుందో ఆ కాలువలే చెబుతాయి. భూమి వాలు అతి స్వల్పం కనుక మురుగునీరు మెల్లగా కదులుతుంది. సముద్రం పోటు మీద ఉన్నపుడు మురుగు కాలువల ముఖద్వారాల వద్ద నీరు బయటికి పోలేక వెనుకకు తన్నుకు వస్తుంది. పైన వాన, కింద పోటు ఏకమైతే చేలు చెరువులవుతాయి. పంట మునుగుతుందా, తేలుతుందా అన్నది ఒక్కొక్కసారి ఆ రోజు పోటు వేళ మీద కూడా ఆధారపడుతుంది. కిటికీలోంచి అందంగా కనిపించే ఆ నీటి విస్తీర్ణం రైతు కంటికి మరొక విధంగా కనిపిస్తుందని ప్రయాణికుడు మరువరాదు.

మచిలీపట్నం

రైలుమార్గం మచిలీపట్నంతో ముగుస్తుంది. స్థానికులకు ఇది బందరు. ఐరోపావారి రాతలలో మసూలిపట్నం. గోలకొండ రాజ్యానికి ఇది ప్రధాన రేవు. ఆంగ్ల ఈస్టిండియా కంపెనీవారు 1611లో ఇక్కడ వర్తకస్థావరం నెలకొల్పారు. డచ్చివారు, ఫ్రెంచివారు కూడా ఈ తీరాన వ్యాపారం సాగించారు. పెడన, మచిలీపట్నాల కలంకారీ వస్త్రాలు ఈ రేవు నుండి దూరదేశాలకు తరలిపోయాయి.

ఇంతటి రేవులో కూడా పెద్ద ఓడలు ఒడ్డుకు చేరలేకపోయేవి. తీరంలో సముద్రం లోతు తక్కువ. ఓడలు దూరంగా లంగరు వేసుకొంటే, చిన్న పడవలు సరకును మోసుకొని కెరటాలకు ఎదురీదేవి. కోరమండల్ తీరంలో మసూలా పడవలనే ఒక రకం పడవలు ఉండేవి. వీటి పలకలను మేకులతో బిగించక, నారతాళ్లతో కుట్టేవారు. కెరటం వచ్చి కొట్టినపుడు పడవ కొంత వంగి, మళ్లీ యథాస్థితికి వచ్చేది. బిగువుగా నిలిచినది విరిగిపోయే చోట, వంగగలిగినది నిలుస్తుందని ఆ పడవల నిర్మాతలు ఎరుగుదురు.

పట్టణానికి సమీపాన ఉన్న బందరుకోటలో పాత కట్టడాల అవశేషాలు, డచ్చివారి సమాధులు ఉన్నాయి. ఆ సమాధి ఫలకాలపై వంశచిహ్నాలు, పరదేశపు అక్షరాలు చెక్కబడి ఉన్నాయి. వాన కురిసి నల్లబడిన ఆ రాళ్ల నడుమ నడుస్తున్నపుడు, వేల మైళ్ల దూరం నుండి వచ్చి ఈ తేమగాలిలోనే తనువు చాలించిన వర్తకులు జ్ఞాపకం వస్తారు.

అయితే బందరు చరిత్రలో అత్యంత విషాదకరమైన రాత్రికి సమాధి ఫలకాలు చాలవు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి పెను తుఫాను ఈ తీరాన్ని తాకింది. అమావాస్య దాటి రెండు రోజులే అయింది. పోటు ఎక్కువగా ఉండే ఆ రోజులలో, గాలి నెట్టిన సముద్రం సుమారు 13 అడుగుల ఎత్తున ఊరిపై పడింది. పట్టణంలోనూ పరిసర గ్రామాలలోనూ సుమారు 30,000 మంది మరణించారు. అప్పటికే క్షీణదశలో ఉన్న రేవు ఆ దెబ్బ తరువాత పూర్వవైభవాన్ని పొందలేదు. ఇక్కడ నూతన ఓడరేవు నిర్మాణపు పనులు మొదలైనది 2023లో.

పట్టణానికి సుమారు 11 కిలోమీటర్ల దూరంలో మంగినపూడి తీరం ఉన్నది. ఇక్కడ బంగారు రంగు ఇసుకకు మారుగా నల్లని మెత్తని మట్టి కనిపిస్తుంది. నది తెచ్చిన ఒండ్రు అది. తీరం లోతు తక్కువ కావడంతో చాలా దూరం నడిచినా నీరు నడుము దాటదు. ఈ నిదానమే కొత్తవారిని మోసగిస్తుంది. ముసురు రోజున కెరటం ఒడ్డును కొట్టి వెనుదిరిగేటపుడు కాలి కింది మట్టిని తవ్వుకొని పోతుంది. కొన్ని చోట్ల ఒడ్డుకు చేరిన నీరంతా ఇరుకైన పాయగా ఏర్పడి, వేగంగా లోనికి లాగుతుంది. అందులో చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీదితే అలసిపోతారు. తీరానికి సమాంతరంగా కొంతదూరం ఈది, ఆ పాయను దాటిన తరువాత ఒడ్డుకు రావాలి. నీటిలో దిగకుండా ఒడ్డున నిలిచి, నల్లని మబ్బుకు, బూడిదరంగు కెరటానికి నడుమ గీత చెరిగిపోవడం చూడటంలోనే ముసురువేళ మంగినపూడి అందమంతా ఉన్నది.

తుఫాను భాష

సముద్రతీరాన వాన కురిసినంత మాత్రాన తుఫాను రాదు. వాతావరణ శాస్త్రజ్ఞులు గాలి వేగాన్ని బట్టి ఒక్కొక్క దశకు ఒక్కొక్క పేరు పెట్టారు. గంటకు 31 కిలోమీటర్లకు లోపు వేగంతో గాలి సుడి తిరుగుతుంటే అది అల్పపీడనం. 31 నుండి 49 వరకు వాయుగుండం. 50 నుండి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 నుండి 88 వరకు తుఫాను. 89 నుండి 117 వరకు తీవ్ర తుఫాను. ఆపైన మరికొన్ని దశలు ఉన్నాయి. అల్పపీడనమన్న వార్త వినగానే బెదరనక్కరలేదు. వాయుగుండమన్న వార్త విని కూడా సముద్రతీరానికి వెళ్లడం మాత్రం వివేకం కాదు.

ఆంగ్లంలో తుఫానుకు వాడే 'సైక్లోన్' అనే మాట పుట్టింది బంగాళాఖాతపు ఒడ్డుననే. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ 19వ శతాబ్దం నడుమ, ఓడల వారు రాసిపెట్టుకొన్న గాలి వివరాలను పరిశీలించి, తుఫానులో గాలి పాము చుట్ట చుట్టుకొన్నట్లు తిరుగుతుందని గ్రహించి, గ్రీకు భాష నుండి ఆ పేరును కల్పించాడు. బ్రిటన్‌లో 1859లో 'రాయల్ చార్టర్' అనే ఓడ తుఫానులో చిక్కి వందలమంది మరణించిన తరువాత, ఫిట్జ్‌రాయ్ అనే నౌకాధికారి 1861 నుండి రేవులలో తుఫాను సంకేతాలను ఎగురవేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. మనదేశంలో 1864 నాటి కలకత్తా తుఫాను, ఆ తరువాత వచ్చిన కరవులు కలిసి 1875లో భారత వాతావరణ శాఖ స్థాపనకు దారితీశాయి. ఒక ఖండంలోనైనా, మరొక ఖండంలోనైనా హెచ్చరిక విధానాలు ఎందరో ప్రాణాలు కోల్పోయిన తరువాతనే ఏర్పడ్డాయి.

తుఫాను రోజులలో వార్తలలో వినిపించే 'ప్రమాద హెచ్చరిక నంబరు' రేవులలో ఎగురవేసే సంకేతానికి సంబంధించినది. ఒకటి, రెండు నంబర్లు తుఫాను చాలా దూరాన ఉన్నదని తెలుపుతాయి. మూడు, నాలుగు నంబర్లు రేవుకు ముప్పు పొంచి ఉన్నదని సూచిస్తాయి. ఐదు, ఆరు, ఏడు నంబర్లు ఓ మోస్తరు తుఫాను రేవుకు ఒక పక్కగానో, మరొక పక్కగానో, రేవు మీదుగానో తీరం దాటుతుందని చెబుతాయి. ఎనిమిది, తొమ్మిది, పది నంబర్లు అదే విధంగా తీవ్ర తుఫానును గురించి చెబుతాయి. పదకొండవ నంబరు అన్నిటికన్నా భయంకరమైనది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని దాని అర్థం. ఈ సంకేతాలు ఓడలవారి కోసం ఏర్పడినవి. సామాన్య ప్రజల కోసం వాతావరణ శాఖ రంగులను వాడుతున్నది. ఆకుపచ్చ రంగు ముప్పు లేదని, పసుపు గమనిస్తూ ఉండమని, నారింజ సిద్ధంగా ఉండమని, ఎరుపు వెంటనే చర్య తీసుకొమ్మని చెబుతాయి. మచిలీపట్నంలో ఉన్న డాప్లర్ రాడార్ సముద్రం మీది మేఘాలను దూరం నుండే గమనించి ఈ సూచనలకు తోడ్పడుతుంది.

ప్రకృతి కూడా తన సంకేతాలను పంపుతుంది. గాలి స్తంభించి ఉక్కపోస్తున్నా, దూరం నుండి పొడవైన బరువైన కెరటాలు నెమ్మదిగా వచ్చి తీరాన్ని తాకుతుంటే, ఎక్కడో తుఫాను పుట్టి వాటిని తరుముతున్నదని గ్రహించాలి. తుఫాను కన్నా కెరటం వేగంగా ప్రయాణిస్తుంది. ఎత్తున ఈకలవంటి తెల్లని మబ్బులు ఒకే దిక్కు నుండి విసనకర్రలా విచ్చుకొని రావడం మరొక సూచన.

దివిసీమ బాటలో

మచిలీపట్నం నుండి నైరుతి దిశగా సాగే 216వ నంబరు జాతీయ రహదారి చల్లపల్లి, మోపిదేవిల మీదుగా పులిగడ్డ చేరుతుంది. దారికి అటూ ఇటూ తెలుగువారి సాంస్కృతిక చరిత్ర పరచుకొని ఉన్నది. క్షేత్రయ్య పదాలలోని మువ్వగోపాలుని మొవ్వ, నాట్యానికి పేరిచ్చిన కూచిపూడి, బౌద్ధ శిల్పాలకు నెలవైన ఘంటసాల కొద్ది దూరాల్లోనే ఉన్నాయి. వాన ఆగకుండా కురిసే పూట ఘంటసాలలోని పురావస్తు ప్రదర్శనశాల మంచి ఆశ్రయం.

కృష్ణాతీరాన ఉన్న శ్రీకాకుళం గ్రామం ప్రత్యేకంగా చూడదగినది. ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళానికీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడి ఆంధ్రమహావిష్ణువు, కళింగ దండయాత్ర నాటి శ్రీకృష్ణదేవరాయలకు కలలో కనిపించి, గోదాదేవి పరిణయాన్ని తెలుగులో రచింపుమని కోరినట్లు ఆముక్తమాల్యద చెబుతుంది. ఆ కావ్యంలోని వర్షర్తు వర్ణన తెలుగు సాహిత్యంలో సుప్రసిద్ధమైనది. వానలో రాజసౌధాల శృంగారాన్ని మాత్రమే రాయలు వర్ణించలేదు. తడిసిన కట్టెలు రాజుకోక ఇల్లాళ్లు పడే పాట్లను, ముసురులో పల్లె బతుకును చక్రవర్తి కళ్లారా చూసినట్లు చిత్రించాడు. ముసురువేళ శ్రీకాకుళం వెళ్లే విద్యార్థి ఆ ఘట్టాన్ని ముందుగా చదువుకొని వెళ్లడం మంచిది. ఇదే స్వామిని ఉద్దేశించి ఆంధ్రనాయక శతకం రచించిన కాసుల పురుషోత్తమకవిది దివిసీమలోని పెదప్రోలు.

పులిగడ్డ వద్ద కృష్ణానది పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న నేల దివిసీమ. 'దివి' అంటే దీవి. సాగునీరు పులిగడ్డ వద్ద నదీపాయను దాటించే అక్విడక్టు మీదుగా ఈ సీమకు చేరుతుంది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు దీనిలోని ముఖ్యమైన ఊళ్లు. వాననడకకు ఇక్కడి కరకట్టలు అనువైనవి. వరదను అడ్డగించడానికి నది వెంట పోసిన ఎత్తైన మట్టికట్ట కరకట్ట. దాని మీద నడుస్తుంటే ఒక వైపు ఎర్రని వరదనీరు, మరొక వైపు అంతకన్నా పల్లంలో పచ్చని పొలం కనిపిస్తాయి. ఊరి కన్నా ఏరు ఎత్తున పారుతున్నదన్న నిజం అపుడు గుండెను తాకుతుంది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజి నుండి 11.10 లక్షల క్యూసెక్కులు, 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు వరదనీరు దిగువకు పారినపుడు లంక గ్రామాలకు ఈ కట్టల విలువ మరొకసారి తెలిసివచ్చింది.

కోడూరు దాటి వెళితే హంసలదీవి వస్తుంది. పాపుల స్నానంతో నల్లబడిన గంగ కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, ఇక్కడ మునిగి హంసగా మారిందని స్థలపురాణం. వేణుగోపాలస్వామి ఆలయం దాటి కొంతదూరం వెళితే పాలకాయతిప్ప తీరం. అక్కడి నుండి ఇసుకతిన్నెల వెంట నడిస్తే కృష్ణ సముద్రంలో కలిసే సాగరసంగమం కనిపిస్తుంది. నది ఎరుపు, కడలి బూడిదరంగు కొంతదూరం కలవకుండా పక్కపక్కన సాగడం వానకాలంలోనే కానవచ్చే దృశ్యం. పోటు వేళ ఈ దారి నీట మునిగిపోవచ్చు గనుక, స్థానికులను అడిగి పాటు వేళ బయలుదేరి, పోటు మొదలు కాకమునుపే తిరిగి రావాలి.

1977 నవంబరు 19

దివిసీమలో ఏ ఊళ్లో అడిగినా పెద్దలు కాలాన్ని ఉప్పెనకు ముందు, ఉప్పెన తరువాత అని విభజించి చెబుతారు. 1977 నవంబరు 19 శనివారం నాడు పెను తుఫాను చీరాల సమీపంలో తీరం దాటింది. చీరాల దివిసీమకు నైరుతి దిశలో ఉన్నది. మరి దివిసీమ ఎందుకు మునిగింది?

ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు గడియారపు ముల్లుకు వ్యతిరేకదిశలో తిరుగుతాయి. తూర్పుతీరానికి వచ్చే తుఫాను సాగే దిశకు కుడివైపున గాలి సముద్రం నుండి నేల మీదికి వీస్తుంది. ఎడమవైపున నేల నుండి సముద్రం మీదికి వీస్తుంది. కనుక సముద్రాన్ని ఎత్తి ఊళ్ల మీద పోసేది కుడివైపు గాలే. దివిసీమ ఆ కుడివైపున ఉన్నది. దానికి తోడు లోతులేని సముద్రం, ఎత్తులేని నేల. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన పది కిలోమీటర్లకు పైగా లోనికి చొచ్చుకు వచ్చింది. సొర్లగొంది వంటి తీరగ్రామాలు దాదాపు తుడిచిపెట్టుకొని పోయాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారం మృతులు సుమారు 10,000. అంతకన్నా ఎక్కువేనని చెప్పేవారు ఉన్నారు. చెట్లను కావలించుకొని రాత్రంతా నీళ్లలో నిలిచి బతికినవారు ఆనాటి కథను చెబుతూనే వచ్చారు.

ఆ విషాదం వ్యర్థం కాలేదు. తుఫాను రక్షిత భవనాలు వెలిశాయి. ముందుగా హెచ్చరించి, ప్రజలను తరలించే పద్ధతి బలపడింది. 1990 మే 9న దాదాపు అంతటి తుఫాను కృష్ణానది ముఖద్వారం సమీపంలోనే తీరం దాటింది. ముందుగా లక్షకు పైగా ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు. ఆనాడు రాష్ట్రంలో మరణించినవారు 967 మంది. ఆ సంఖ్య చిన్నది కాదు. కాని 1977తో పోలిస్తే పదింట తొమ్మిది వంతుల మరణాలు తప్పాయి. హెచ్చరికను విని కదలడం వల్ల కలిగిన ఫలితమిది.

ఇక్కడ మరొక విషయం గమనింపదగినది. 1864 ఉప్పెన, 1977 ఉప్పెన రెండూ కార్తీకమాసం శుక్లపక్షంలో వచ్చినవే. కార్తీకం సముద్రస్నానాల మాసం, వనభోజనాల మాసం. మంగినపూడికి, హంసలదీవికి జనం తరలివచ్చే మాసం. బంగాళాఖాతంలో తుఫానులు ప్రబలే కాలం కూడా అదే. పుణ్యకాలమూ, ప్రమాదకాలమూ ఒకే పంచాంగపు పుటలో ఉన్నాయి. కార్తీక స్నానానికి ముహూర్తం చూసుకొనేవారు ఆ పూట వాతావరణ సూచనను కూడా చూసుకోవడం భక్తికి లోపం కాదు.

మడ అడవులు

నాగాయలంక దాటి ఎదురుమొండి వంటి దీవులకు వెళ్లాలంటే నదీపాయను పడవ మీదనో, పంటు మీదనో దాటాలి. గాలి ఎక్కువైతే రాకపోకలు నిలిచిపోతాయి. ఆ పాయల వెంట ఉప్పునీటిలో వేళ్లూని పెరిగే మడ అడవులు ఉన్నాయి. కృష్ణా వన్యప్రాణి సంరక్షణ కేంద్రం వీటిని కాపాడుతున్నది. నీటిలోకి దిగి చేపలు పట్టే బావురుపిల్లికి ఈ అడవులు ఆశ్రయం.

మడచెట్టు చూడటానికి పొట్టిది. కలపకు పెద్దగా పనికిరాదు. కాని దాని వేళ్లు వలవలె అల్లుకొని కెరటపు బలాన్ని విరుస్తాయి. బురదను పట్టి నిలుపుతాయి. చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు పొదుగుగూళ్లవుతాయి. మడను నరికి చెరువులు తవ్విన చోట ఊరికీ, ఉప్పెనకూ మధ్య అడ్డు తొలగినట్లే. వాన పలుచగా కురుస్తుండగా పడవలో ఆ అడవి అంచున సాగే ప్రయాణికునికి ఆ ఆకుపచ్చని గోడ ఎందరి ఇళ్లకు కాపలా కాస్తున్నదో అర్థమవుతుంది.

నడిచేవారికి నియమాలు

ముసురులో తీరయాత్ర చేసేవారు కొన్ని నియమాలను పాటించాలి. బయలుదేరే ముందురోజూ, బయలుదేరే ఉదయమూ వాతావరణ శాఖ ప్రకటనను చూసుకోవాలి. నారింజ, ఎరుపు రంగుల హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోవాలి. ఒంటరిగా వెళ్లరాదు. ఎక్కడికి వెళుతున్నదీ, ఎప్పటికి తిరిగి వచ్చేదీ ఇంట చెప్పి వెళ్లాలి.

మెరుపు మెరిసిన తరువాత ఉరుము వినిపించేవరకు సెకండ్లు లెక్కపెట్టాలి. ధ్వని మూడు సెకండ్లలో సుమారు ఒక కిలోమీటరు ప్రయాణిస్తుంది. ముప్పై సెకండ్లలోపు ఉరుము వినబడితే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉన్నదని అర్థం. వెంటనే పక్కా భవనంలోకి చేరాలి. చెట్టు కింద, ముఖ్యంగా తాటిచెట్టు కింద నిలువరాదు. పొలాల మీద గొడుగు వేసుకొని నడవడం కన్నా వానకోటు మేలు.

డెల్టాలోని నల్లమట్టి తడిస్తే జారుతుంది, కాలికి అంటుకొంటుంది. చెప్పులు ఊడిపోతాయి. పట్టు ఉన్న బూట్లు తొడగాలి. వరదకు పుట్టలు మునిగి పాములు గట్ల మీదికి చేరుతాయి కనుక చేతికర్రతో ముందు తడుముతూ నడవాలి. చీకటి పడకముందే ఊరు చేరాలి. పాముకాటు సంభవిస్తే నాటువైద్యం కోసం సమయం వృథా చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం స్థానికుల మాటను గౌరవించడం. వేటకు వెళ్లే మత్స్యకారుడు పడవను ఒడ్డుకు లాగి కట్టివేస్తున్నాడంటే, విహారానికి వచ్చినవాడు నీటిలో దిగే సమయం కాదని గ్రహించాలి. ఎంత దూరం నుండి వచ్చినా, ఎంత ఖర్చు పెట్టినా, వెనుదిరగవలసిన వేళ వెనుదిరగగలిగినవాడే ఉత్తమ యాత్రికుడు.

ముగింపు

దిగువ కృష్ణా తీరం ఎండరోజున ఒక సామాన్య దృశ్యం. ముసురు పట్టినపుడే అది తన చరిత్రను చెబుతుంది. కాలువ ఎందుకు తవ్వారో, కరకట్ట ఎందుకు పోశారో, రక్షిత భవనాన్ని స్తంభాల మీద ఎందుకు నిలబెట్టారో, మడను ఎందుకు కాపాడాలో వానలో నడిచినవారికి ఎవరూ చెప్పనవసరం లేకుండానే తెలుస్తుంది. 1977ను కళ్లారా చూసినవారి సంఖ్య ఏటేటా తగ్గుతున్నది. వారి అనుభవం తరువాతి తరానికి చేరకపోతే, ప్రతి తరమూ ఆ పాఠాన్ని మళ్లీ ప్రాణాలతోనే కొనుక్కోవలసి వస్తుంది. కనుక ఈ తీరాన నడిచే యువతీయువకులు సముద్రాన్ని చూసి రావడంతో సరిపెట్టుకోక, ఒక పెద్దవారి వద్ద కూర్చొని ఉప్పెన కథను విని రావాలి. అందాన్ని ప్రేమించడం, ఆపదను గుర్తెరగడం ఈ తీరంలో రెండు వేరు వేరు విద్యలు కావు.

అభ్యాసం

వ్యాసరూప ప్రశ్నలు
1. దిగువ కృష్ణా డెల్టాలో వానకాలపు యాత్ర విశేషాలను వివరించండి.
2. 1977 నాటి ఉప్పెనకు దివిసీమ ఎందుకు గురైందో, 1990 నాటికి ఏ మార్పు వచ్చిందో తెలపండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. మసూలా పడవల ప్రత్యేకత ఏమిటి?
2. రేవులలో ఎగురవేసే హెచ్చరిక సంకేతాల అర్థాన్ని తెలపండి.
3. 'పుణ్యకాలమూ, ప్రమాదకాలమూ ఒకే పంచాంగపు పుటలో ఉన్నాయి' అన్న వాక్యాన్ని సమర్థించండి.
4. మడ అడవుల వల్ల కలిగే ప్రయోజనాలు ఏవి?

ప్రాజెక్టు పని
మీ ప్రాంతంలో తుఫానునో, వరదనో చూసిన ఒక పెద్దవారిని కలిసి, వారి అనుభవాన్ని విని, మీ సొంతమాటలలో ఒక పుట రాయండి.